పది దగ్గరాగిన భోజనం

"సూర్యుడైనా తప్పుతాడేమో గానీ, నా చేతి గడియారం తప్పదు!" అనేవాడు జమీందారు. అందులో పన్నెండైతేనే కూలీలకు అన్నం గంట కొట్టేవారు.

ఒకనాడు నీళ్లలోనూ ఆగదంటూ గొప్పకు పోయి దాన్ని కాలవలో ముంచాడు. నీళ్లు దూరి ముల్లు పది దగ్గరే ఆగిపోయింది. పొద్దు నడినెత్తి దాటినా, "ఇంకా పదే! నాట్లు వెయ్యండి!" అని గద్దించాడు.

చేలో నాట్లేస్తున్న తన కోడలి ఆకలి తలుచుకుని వంటమనిషి నూకాలుకు ఒళ్లు మండింది.

ఆయన ఇంటికొచ్చి పీటేసుకుని, "వడ్డించవే!" అన్నాడు.

"ఇంకా పదేనండి! తమరి గడియారం తప్పదు కదండీ!" అంటూ కూరగిన్నె మూత బిగించింది నూకాలు.

గుత్తివంకాయ ఘుమఘుమలకు జమీందారు కడుపులో ఎలుకలు పరిగెత్తాయి. "ఇది చచ్చిందే! గంట కొట్టించు!" అని గడియారం విప్పి విసిరాడు.

గంట మోగాక నూకాలు దాన్ని తుడిచి, తడి లాగేయడానికి బియ్యం కుండలో పూడ్చింది.

"పాపం, తమరితో పాటు అదీ పస్తే కదండీ!"