నాలుగున్నర రేకుల పువ్వు

అనగా అనగా, మా ముత్తవ్వ ముత్తవ్వకి పాలపళ్ళు కూడా రాని కాలంలో, గెడ్డవలసలో ఒక సంత ఉండేదట. ఇప్పటి సంతలాంటిది కాదు. ఈ చివర బేరం మొదలుపెట్టి ఆ చివరకి చేరేసరికి చంకలో పిల్లకి పెళ్ళీడు వచ్చేసేది. మిరపకాయల రాశి పక్కన ఒకడు తుమ్మితే సముద్రంలో పడవలు ఒడ్డుకి కొట్టుకొచ్చేవి. నమ్మకపోతే మానెయ్యండి. సంత మాత్రం ఉండేది.

ఆ సంతలో నూకాలుకి ఒక రాయి ఉండేది. వాళ్ళ అమ్మమ్మ ఆ రాతిమీద కూర్చుని కూరగాయలమ్మింది. వాళ్ళమ్మ కూర్చుని అమ్మింది. తర్వాత నూకాలు కూర్చుంది. ముగ్గురూ కూర్చుని కూర్చుని ఆ రాయి గిన్నెలా గుంటపడిపోయింది. అందులో కూర్చుంటే తల్లి ఒళ్ళో కూర్చున్నట్టు ఉండేదట నూకాలుకి. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. పెరట్లో నాలుగు వరసల బెండమొక్కలు, ఇంట్లో ఒక కోడి, సంతలో ఆ రాయి. అంతే ఆమె ఆస్తి.

నెత్తిన తట్ట, తట్టనిండా బెండకాయలు. వారం వారం నూకాలు సంతకి బయల్దేరేది. బయల్దేరడం నిండుగానే బయల్దేరేది. చేరడమే.

ఎందుకంటే తోవలో మూడు సుంకం పాకలుండేవి. గెడ్డ రేవులో ఒకటి, కొండ కనుమలో ఒకటి, సంత మొగలో, అంటే సంతలోకి అడుగుపెట్టే చోట, ఒకటి. మూడింటిలోనూ ముగ్గురు అన్నదమ్ములు. పెద్ద సుంకరి, నడిపి సుంకరి, చిన్న సుంకరి. పెద్దవాడి పొట్ట పాకలోంచి పొద్దున్న బయటికొస్తే వాడు మధ్యాహ్నానికి బయటికొచ్చేవాడు. నడిపివాడు ఆవలిస్తే కాకులు గూడనుకుని దూరబోయేవి. చిన్నవాడు సన్నగా ఉండేవాడు గాని వాడి దోసిలే అన్నిటికన్నా పెద్దది.

రాజుగారు టముకు వేయించే ఉన్నారు. ఒక సరుక్కి ఒకే సుంకం, ఒక పాకలో ఒక దోసెడు ఇస్తే రెండో పాకలో ఇవ్వక్కర్లేదు అని. బానే ఉంది. రేవులో పెద్దవాడు ఒక దోసెడు తీసుకునేవాడు. కనుమకి చేరేసరికి నడిపివాడు చెయ్యి చాచేవాడు.

"రేవులో ఇచ్చాను బాబూ."

"ఇచ్చానంటావు సరే, చూసిందెవరు?"

ఒక దోసెడు పోయేది. సంత మొగలో చిన్నవాడు చెయ్యి చాచేవాడు.

"రేవులో ఇచ్చాను, కనుమలో ఇచ్చాను బాబూ."

"ఇచ్చానంటావు సరే, చూసిందెవరు?"

ఇంకో దోసెడు పోయేది. వాళ్ళ దోసిలంటే మన చాట. తట్టలో ముచ్చికలూ, పురుగు పట్టిన ఒక పుచ్చుకాయా మిగిలేవి.

సంతకీ ఒక కట్టుబాటు ఉంది. వరసగా మూడు సంతలు ఖాళీ గుడ్డ పరుచుకుని కూర్చున్నవాళ్ళ చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. చోటుకోసం చూసేవాళ్ళు చీమల్లా ఉండేవారు మరి. నూకాలు ఒక సంత ఖాళీ గుడ్డ పరిచింది. రెండో సంత ఖాళీ గుడ్డ పరిచింది. ఆ సాయంత్రం సంత పెద్ద గవరయ్య వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మంచివాడే. చెప్పడానికి నోరు రాక, ముందు వానల గురించి మాట్లాడాడు.

"అయితే నూకాలూ," అన్నాడు చివరికి, "వచ్చే సంతకి తట్టలో ఏదైనా ఉండాలి సుమా. మీయమ్మని నేనెరుగుదును. నాచేత ఈ పని చేయించకు."

గవరయ్య వెనక గాజుల వీరయ్య నిలబడి రాయిని కళ్ళతోనే కొలుస్తున్నాడు. గుంట వాడి ఒంటికి సరిపోతుందా లేదా అని.

నూకాలు ఇంటికొచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే గెడ్డకి వరదొచ్చి ఊరు కొట్టుకుపోతుందని ఊరుకుందట. కత్తిపీట వేసుకుని, పెరట్లో మిగిలిన నాలుగు బెండకాయలూ కూరకి తరగడం మొదలుపెట్టింది. పక్కింటి పోలమ్మ, ఎండుచేపలమ్మే పోలమ్మ, అదే అరుగుమీద కూర్చుని పసుపూ సున్నం కలుపుతోంది. కూతురి సీమంతానికి పారాణి. పసుపులో సున్నం పడితే ఎర్రగా మందారంలా తిరుగుతుంది కదా, ఆ పళ్ళెం అలా మెరిసిపోతోంది.

"నువ్వూ ఎండుచేపలు మొదలెట్టవే నూకాలూ," అంది పోలమ్మ. "ఆ వాసనకి సుంకరోళ్ళు ఒక్క దోసెడే తీసుకుంటారు."

"మరి నీ దగ్గర మూడు చోట్లా ఎందుకు తీసుకుంటున్నారు పోలప్పా?"

"వాళ్ళకి ముక్కుల్లేవే. నోళ్ళే."

ఇంతలో నూకాలు కోడి వచ్చింది. అదెప్పుడూ ఆకలిమీదే ఉంటుంది. నూకాలు కోసి పారేసిన బెండ ముచ్చిక ఒకటి ముక్కున కరుచుకుంది. పోలమ్మ అదిలిస్తే బెదిరి పారాణి పళ్ళెంలో వదిలేసింది. మళ్ళీ కరుచుకుంది. చేదుగా తగిలిందేమో, అరుగుమీద వదిలేసింది. ఆశ చావక మళ్ళీ కరుచుకుంది, మళ్ళీ వదిలింది. అలా వదిలిన చోటల్లా ఒక ఎర్రపువ్వు. ఐదు రేకులు, మధ్యలో గింజల చుక్కలు. అరుగు మొదలు కోళ్ళగూటి దాకా పూలే పూలు. తుమ్మెదలు కూడా వచ్చి వాలాయంటారు.

"పోయింది, నా పారాణంతా పోయింది," అని పోలమ్మ మొత్తుకుంటోంది. నూకాలు మాత్రం ఆ పూలకేసే చూస్తోంది. కోడి చేతుల్లోంచి ముచ్చిక లాక్కుని, పళ్ళెంలో అద్ది, తన మణికట్టుమీద నొక్కింది. పువ్వు పడింది. చీరకొంగుతో తుడిచింది. పోలేదు.

"పోలప్పా, చూసిందెవరు అని కదా వాళ్ళడిగేది?"

"అవును."

"నా చెయ్యి చూసింది," అంది నూకాలు.

కోడికి చేతులెక్కడివి అని అడక్కండి. ఆ కాలంలో ఉండేవేమో, నేను చూశానేటి.

మూడో సంత వచ్చింది. నెత్తిన తట్ట, తట్టనిండా బెండకాయలు, చేతిలో పారాణి గిన్నె. నూకాలు రేవుకి చేరింది. వెనక పోలమ్మ, ఆ వెనక సంతకెళ్ళే ఆడంగులు బారులు తీరి ఉన్నారు. పెద్ద సుంకరి ఒక దోసెడు తీసుకున్నాడు. నూకాలు కదల్లేదు.

"ఏటి, ఇంకా ఇస్తావా?" అన్నాడు.

"లేదు బాబూ. ఒక మాట చెవినపడి మీకు చెబుదామని. సంతలో అందరూ అనుకుంటున్నారు, వసూలంతా చిన్నబాబుదేనట. రేవులో పెద్దాయన వసూలు చెయ్యడు, పడుకుంటాడు అని."

పెద్ద సుంకరి మొహం వంకాయ రంగుకి తిరిగింది. "ఎవడన్నాడు? గెడ్డ దాటే చీమ కూడా నాకు పెట్టకుండా దాటదు."

"నాకు తెలుసు బాబూ. కానీ చూసిందెవరు?"

పెద్ద సుంకరి బుర్ర గోక్కున్నాడు. ఆ మాట వాడి తమ్ముళ్ళది. ఇంట్లో మాట తనకే ఎదురొస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. నూకాలు నెమ్మదిగా గిన్నె ముందుకు జరిపి, కోసిన బెండ ముచ్చిక వాడి చేతిలో పెట్టింది.

"ఇదిగో, దీన్ని..."

వాడి చేతిలో ఏది పెట్టినా నోట్లోకే వెళ్ళడం అలవాటు. కసుక్కున కొరికాడు.

"బాబూ, అది తినడానికి కాదు," అని నూకాలు పట్టుకునే లోపల ఒక పలకలో సగం పోయింది. పెద్ద సుంకరికి ముందుపన్ను సగం విరిగి ఉండేది. ఆ కొరికిన చోట విరిగిన పన్ను గాటు పడింది. ఇంకో ముచ్చిక కోద్దామా అని నూకాలు కత్తి తీసింది గాని, అప్పటికే వాడు దాన్ని పారాణిలో అద్ది ఆమె మణికట్టుమీద దబ్బున నొక్కేశాడు. నాలుగు రేకులు నిండుగా, ఐదోది సగం.

వాడు దానికేసి చూసుకున్నాడు. పెళ్ళిలో కూడా వాడి మొహం అంత వెలగలేదట. "నా దెబ్బ," అన్నాడు. "ఇంక చూడమను మా తమ్ముళ్ళని."

ఆ తర్వాత వాణ్ణి ఆపడం ఎవరితరం కాలేదు. నూకాలు తన గిన్నెలో సగం పారాణి వాడికే వంచేసింది. దోసెడు తీసుకోవడం, పువ్వు కొట్టడం. పోలమ్మ చేతికి కొట్టాడు. బారులో ఉన్న ప్రతి చేతికీ కొట్టాడు. మేకల కొమ్ములకి కొట్టాడు. అటుగా పోతున్న పెళ్ళికొడుకు నుదుట కూడా ఒకటి కొట్టేసరికి బాసికం అక్కర్లేకపోయింది.

కనుమలో నడిపి సుంకరి చెయ్యి చాచాడు.

"రేవులో ఇచ్చాను బాబూ."

"ఇచ్చానంటావు సరే, చూసిందెవరు?"

నూకాలు మణికట్టు చూపించింది. వాడు వంగి చూశాడు. సగం రేకు దగ్గర ఆ గాటు చూశాడు. ఆ పంటితో చిన్నప్పుడు ఎన్ని కాట్లు తిన్నాడో వాడి వీపుకే తెలుసు.

"ఇది మా అన్న పన్ను," అన్నాడు.

"అవును బాబూ. కాదంటారా? అయితే ఎవరినైనా పంపి ఆయన్నే పిలిపిస్తాను."

"వద్దొద్దు, నడు," అన్నాడు నడిపివాడు, వీపు తడుముకుంటూ.

ఇక మిగిలింది సంత మొగ. అక్కణ్ణించి నూకాలుకి తన రాయి కనిపిస్తోంది. గవరయ్య తల దించుకుని పక్కన నిలబడ్డాడు. గాజుల వీరయ్య అప్పుడే గుడ్డ దులుపుతున్నాడు. నూకాలు గుండె తట్టకంటే బరువెక్కింది. చిన్న సుంకరి చెయ్యి చాచాడు.

"రేవులో ఇచ్చాను బాబూ. ఇదిగో పువ్వు."

చిన్నవాడు తెలివైనవాడు. కోపగించుకోలేదు. నవ్వాడు. ఆమె తట్టలోంచి ఒక బెండకాయ తీసి, కసక్కున కోసి, ఆమె గిన్నెలోనే అద్ది, తన చేతిమీద నొక్కుకున్నాడు. అందరికీ కనిపించేలా చెయ్యి పైకెత్తాడు.

"చూశారా? పువ్వు నాకూ పడింది. నేనెవరికి సుంకమిచ్చాను? బెండకాయ ఉన్న ప్రతివాళ్ళూ ఇంట్లోనే కొట్టుకుని వస్తారు. చెల్లదు. తియ్యి, దోసెడు."

జనం గొణుక్కున్నారు. మాట నిజమేగా అన్నారు కొందరు. దోసిలి తట్టలోకి దిగుతోంది. అప్పుడు ఆమె వాడి చేతిమీది పువ్వుకేసి చూసింది. తన చేతిమీది పువ్వుకేసి చూసింది.

"బాబూ, మీ పువ్వు చాలా బావుంది," అంది. "నిండుగా ఉంది. మాది చూడండి, పాడైపోయింది. పోలప్పా, నీ చెయ్యి ఇలా పెట్టు."

పోలమ్మ చెయ్యి పెట్టింది. వెనకామె పెట్టింది. ఆ వెనకామె పెట్టింది. చేతులన్నీ బారుగా నిలిచాయి. అన్నిటిమీదా నాలుగున్నర రేకులు. అన్నిటిమీదా అదే చోట అదే గాటు.

"బెండకాయ ఎవరింట్లోనైనా ఉంటుంది," అంది నూకాలు. "ఆ పన్ను ఎవరింట్లో ఉంది బాబూ?"

ఆ పన్ను విరిగింది చిన్న సుంకరి విసిరిన బొంగరం తగిలే. ఊరంతా ఎరిగిన సంగతి. ముందు పోలమ్మ నవ్వింది, తర్వాత బారు నవ్వింది, తర్వాత సంత నవ్వింది. ఆ నవ్వుకి మిరపకాయల రాశి కదిలి అందరికీ తుమ్ములొచ్చాయి, సముద్రంలో పడవలన్నీ ఒడ్డుకొచ్చేశాయి. చిన్నవాడు దోసిలి వెనక్కి తీసుకున్నాడు. చేతిమీది నిండుపువ్వు పంచెకి తుడుచుకున్నాడు. పోలేదు.

నూకాలు వెళ్ళి తన రాతిమీద తట్ట దించింది. గవరయ్య తట్టలోకి చూసి, కళ్ళు తుడుచుకుని, మిరపకాయల ఘాటు అన్నాడు.

"కొంచెం జరుగు వీరయ్యా," అంది నూకాలు. "గుడ్డ పరుచుకోవాలి."

ఆ తర్వాత సంతలో అందరికీ ఆ పిచ్చి పట్టుకుంది. నూనె కొన్న కుండకి అరటిదవ్వ ముద్ర. పంచె కొన్న మూటకి ఉల్లిపాయ ముద్ర. డబ్బిచ్చేసిన బుట్టకి దొండకాయ ముద్ర. కూరగాయలన్నీ ముద్రలకే పోతుంటే ఆ ఊళ్ళో మూడేళ్ళు పచ్చడి మెతుకులే తిన్నారంటారు. ఏ ముద్రయినా ఒక పక్క కొరికే కొట్టేవారు. నిండుముద్ర ఎవరూ ఒప్పుకునేవారు కాదు. నూకాలు మాత్రం బెండకాయలే అమ్మింది. వారం వారం ఒక లేత ముచ్చిక పెద్ద సుంకరికి ఇచ్చేది. వాడు దాన్ని కొరికేవాడు. "ఇవాళ కాస్త ముదిరింది," అనేవాడు. "తినడానికి కాదు కదా బాబూ," అనేది ఆమె. ఆ ఒక్క మాటా వాళ్ళిద్దరూ ముప్ఫై ఏళ్ళు మాట్లాడుకున్నారు.

ఒక సంతనాడు నూకాలు బెండకాయలన్నీ అమ్ముకుని, ఖాళీ తట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆ రాతి గుంటలోనే కళ్ళు మూసుకుంది. నిద్రపోతోందనుకుని, కర్ర పట్టుకు తిరిగే గవరయ్య సంత ఎత్తేసేదాకా లేపలేదు.

మర్నాడు ఆమెని పాడెమీద గెడ్డ దాటించి తీసుకెళ్తుంటే, రేవులో పాక ముందు పెద్ద సుంకరి అడ్డం నిలబడ్డాడు. పండు ముసలి. పొట్ట కరిగిపోయింది. పళ్ళన్నీ రాలిపోయాయి. సగం విరిగిన ఆ పన్ను ఒక్కటే మిగిలింది. దించమన్నాడు. దించారు. వాడి చేతిలో బెండ ముచ్చిక ఉంది, నూకాలు పెరటిదే. చాలాసేపు కష్టపడి, ఒక పలక సగం కొరికాడు. పారాణిలో అద్ది ఆమె మణికట్టుమీద నొక్కాడు. ఈసారి దబ్బున కాదు, మెత్తగా.

"ఇవ్వాల్సిందంతా ఇచ్చేసింది," అన్నాడు. "పైన ఎన్ని పాకలున్నాయో నాకు తెలీదు. ఎవరడిగినా ఇది చూపించు నూకాలూ. నేను చూశాను."

ఇప్పటికీ గెడ్డవలస వైపు ఎవరైనా కాలం చేస్తే, పెరట్లోంచి ఒక బెండకాయ తెచ్చి, ఇంటి పెద్దామె ముచ్చిక కొరికి, పోయినవాళ్ళ మణికట్టుమీద నాలుగున్నర రేకుల పువ్వు వేస్తుంది. పళ్ళు లేని ముసలమ్మలు కూడా చిగుళ్ళతో కొరుకుతారు. "నేను చూశాను," అంటారు. అప్పుడే ఎత్తుతారు. సంతలో ఎవరైనా ఇచ్చిందే మళ్ళీ అడిగితే నోటితో జవాబు చెప్పరు. మణికట్టు తిప్పి చూపిస్తారు, అంతే. ఆ గుంటపడిన రాతిమీద ఇప్పుడు ఎవరు కూర్చుంటారంటారా? ఎవరి తట్ట ఖాళీ అయితే వాళ్ళే, కాసేపు.

కథ సంతకెళ్ళింది, తట్ట ఇంటికొచ్చింది. పుచ్చుకాయ ఒకటి మిగిలితే కోడి తినేసింది.