పసుపు జెండా

స్రవంతికి రేసు కారంటే భయం లేదు. వీపు వెనక నుంచి వచ్చే రేసు కారంటేనే భయం.

హైదరాబాద్ నడిబొడ్డున రోడ్లు మూసి పెట్టిన రేసు అది. చక్రాలు బయటికి పొడుచుకొచ్చి, డ్రైవరు తల ఒక్కటే పైకి కనబడే కార్లు. మలుపు దగ్గర సిమెంటు గోడ వెనక జెండాలతో ఇద్దరు నిలబడాలి. ఒకరు వచ్చే కార్లను చూడాలి. రెండోవారు వాటికి వీపు తిప్పి, ముందు మలుపులో ప్రమాదం కనబడగానే వెనకొచ్చే డ్రైవర్లకు హెచ్చరికగా పసుపు జెండా ఊపాలి. మొదటి చోటు జహంగీర్ ఉస్తాద్‌ది. ఇరవయ్యేళ్లుగా ఆయనది ఇదే పని. రెండోది ఆయన దగ్గర కొత్తగా నేర్చుకుంటున్న స్రవంతిది.

శనివారం పొద్దున ప్రాక్టీసు. వెనక హోరు వినబడ్డప్పుడల్లా ఆమె మెడ దానంతటదే తిరిగిపోయేది. అలా తిరిగినప్పుడే ఒకసారి, ముందు మలుపులో ఒక కారు గిర్రున తిరిగి రోడ్డుకు అడ్డంగా ఆగింది. జెండా లేచేసరికి ఆలస్యమైంది. వెనకొచ్చిన కారు దాన్ని జానెడు దూరంలో తప్పించుకుపోయింది. ఆ డ్రైవరు అదృష్టం, అంతే.

విరామంలో ఆమె జెండా తెచ్చి ఉస్తాద్ ముందు పెట్టింది.

"రేపు నేను రాను ఉస్తాద్. నా భయానికి ఒక మనిషి పానం పోతది."

మధ్యాహ్నం ప్రాక్టీసులో ఆయన ఆ జెండా తానే తీసుకుని, కార్లకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"నువ్వు అటు చూడు బిడ్డా. కారు మన మీదికొస్తే నా భుజం తట్టు."

కార్లు వచ్చాయి. స్రవంతి రెప్ప వేస్తే ఒట్టు. పొద్దున తన కోసం పడ్డ భయం ఏ మూలకి? ఇప్పుడు భయమంతా ఆయన కోసమే. అరచెయ్యి ఆయన భుజానికి అంగుళం దూరంలోనే ఉంచింది. ఆయన ఒక్కసారి కూడా తిరగలేదు.

పదో చుట్టులో ఒక కారు అదుపు తప్పి గోడ మీదికే వచ్చింది. ఆమె భుజం తట్టింది. ఏమిటని కూడా అడక్కుండా ఆయన చటుక్కున కూర్చుండిపోయాడు. ఆమె పక్కనే నక్కింది. గోడ దద్దరిల్లింది. విరిగిన ముక్క ఒకటి తలల మీదుగా వెళ్లి వెనక కట్టిన ఇనుప వలలో పడింది. ఉస్తాద్ లేచి జెండా ఊపాడు. డ్రైవరు తనంతట తానే దిగి నడిచాడు.

స్రవంతికి ఏడుపొచ్చేసింది.

"ఒక్కసారన్న తిరిగి చూడబుద్ధి కాలేదా ఉస్తాద్? భయం కాలేదా?"

"ఎందుకు కాదు?" ఆయన జెండా ఆమె చేతిలో పెట్టాడు. "పొద్దుగాల అన్నిసార్లు వెనక్కి తిరిగినవ్ గద బిడ్డా. ఒక్కసారన్న నీ భుజం కాడ నా చెయ్యి చూసినవా?"

ఆదివారం రేసు మొదలైంది. వెనక హోరు లేచింది. స్రవంతికి భయం పోలేదు. మెడ మాత్రం తిరగలేదు.