హైమవతి థీసిస్‌కి ఇంటిల్లిపాదీ సాయం

కోనసీమలో లంకతోట అని ఓ ఊరుంది. ఆ ఊళ్ళో ఉన్న తెలివంతా ఒకే ఇంట్లో పోగుపడింది. ఈ సంగతి ఊరివాళ్ళు చెప్పింది కాదు, ఆ ఇంటివాళ్ళే చెప్పుకున్నది.

ఇంటి పెద్ద సోమలింగం. ఆయన తమ్ముడు వీరరాఘవులు, తన తెలివికి తగ్గ పిల్ల దొరకలేదని పెళ్ళి మానుకున్నాడు. సోమలింగం భార్య తాయారమ్మ, అన్నదమ్ములిద్దరికీ బుర్ర పని చెయ్యనప్పుడు ఆవిడ బుర్ర అరువిస్తుంటుంది. గేటుకి ఓ రేకు బోర్డు కూడా కట్టించారు, "ఇచ్చట సలహాలు ఉచితముగా ఇవ్వబడును" అని. ఊళ్ళోవాళ్ళు నిజంగానే వచ్చి అడిగేవారు. శ్రద్ధగా వినేవారు. వెళ్ళి, దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేసేవారు. ఇంతవరకూ ఎవరూ నష్టపోలేదు.

ఒకసారి డాక్టరు సోమలింగాన్ని భోంచేశాక కాస్త నడవమన్నాడు. ఆయన చెయ్యి కడుక్కుని బయల్దేరాడు. ఎందాకా నడవాలో డాక్టరు చెప్పలేదు. అంతే. మర్నాటికి రావులపాలెంలో తేలాడు. వీరరాఘవులు వెతుక్కుంటూ వెళ్ళి, అన్నగారికి అక్కడే హోటల్లో భోజనం పెట్టించాడు. ఇంకేముంది, భోజనం అయింది కదా, మళ్ళీ నడక.

అలాంటి ఇంటికి హైమవతి కోడలిగా వచ్చింది. ఆమె మొగుడు ముకుందం కొబ్బరికాయల లారీ మీద దేశాలు తిరుగుతుంటాడు. ఇంట్లో ఉన్నా ఈ కథ మారేది కాదు లెండి, అచ్చం తండ్రి పోలికే.

హైమవతి మాత్రం బాగా చదువుకున్న పిల్ల. కొబ్బరి డొక్కల్లోంచి పీచు తీసి తాళ్ళు పేనే ఆడవాళ్ళ మాటల మీద పరిశోధన చేస్తోంది. పీచు పాకలో వాళ్ళ పక్కనే కూర్చుని, వాళ్ళు చెప్పిందల్లా రికార్డు చేసి, ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది. ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి, మనం మాట్లాడితే తనంతట తనే రాసుకునే మైకు ఒకటి, టైపులో తప్పులు పట్టేది ఒకటి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి చేసిన ఆ పనంతా శుక్రవారం సాయంత్రంలోగా యూనివర్సిటీలో ఇచ్చెయ్యాలి. గడువు ఇప్పటికే ఓసారి పెంచారు. ఇంక పెంచరు. ఆ రోజు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, చేసిన చాకిరీ అంతా గోదాట్లో కలిసినట్టే. ఆ దిగులుతో పిల్లకి అన్నం సయించడం లేదు.

సరిగ్గా అప్పుడే రాజమండ్రిలో అక్కకి నొప్పులొచ్చాయని ఫోనొచ్చింది. వెళ్ళక తప్పదు. ల్యాప్‌టాప్‌లో లెక్క తీసే పని నడుస్తోంది, మధ్యలో ఆపకూడదు. అందుకని హైమవతి అత్తమామల్నీ చినమావగారినీ పిలిచి, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని, ఆగిపోకుండా చూస్తూ ఉంటే చాలని చెప్పింది. అంత తేలిక పని తమ తెలివికి తక్కువేనని, అయినా చేసిపెడతామని వాళ్ళు మాటిచ్చారు.

ఆమె అటు బస్సెక్కగానే ముగ్గురూ ల్యాప్‌టాప్ ముందు పీటలేసుకు కూర్చుని చూడ్డం మొదలుపెట్టారు. చూస్తూ ఉండమంది కదా, చూస్తున్నారు. రెప్ప వెయ్యాలంటే వంతులు వేసుకున్నారు. కాసేపటికి తెర నల్లబడింది. వీరరాఘవులు పీట మీంచి లేచాడు. ముట్టుకుని లేపుదామంటే ముట్టుకోవద్దంది. అప్పుడు తాయారమ్మ వంటింట్లోంచి తెడ్డు తెచ్చి, దాని కాడతో మౌసుని ఓ పోటు పొడిచింది. తెర వెలిగింది. ముట్టుకోనూ లేదు, ఆగిపోనూ లేదు. ఆవిడ తెలివికి అన్నదమ్ములిద్దరూ తలలూపారు.

ఆ పోటుకి హైమవతి రాసిన పేజీలు తెర మీదకొచ్చాయి. చూస్తే, మాటల కింద ఎర్రగీతలు. ఒకటా రెండా, పేజీ నిండా.

సోమలింగం మొహం వాడిపోయింది. ఆయన చదువుకున్న నాలుగు అక్షరాల్లోనూ మేష్టారు ఎర్రసిరా వాడింది తప్పులకే. "ఎంత పని జరిగిందే. పిల్ల ఇన్ని తప్పులు రాసి, పాపం, మనకి చెప్పుకోలేక రాజమండ్రి ఎల్లిపోయింది," అన్నాడు. తాయారమ్మకి కళ్ళనీళ్ళొచ్చాయి. కోడల్ని ఎలాగైనా గట్టెక్కించాలని అప్పటికప్పుడు ముగ్గురూ నిశ్చయించుకున్నారు. వాళ్ళ మనసు మంచిదే, ఎవరూ కాదనరు. చిక్కల్లా మిగతాదానితోనే.

తెడ్డుతో పొడుస్తుంటే ఎర్రగీత పక్కన చిన్న డబ్బా తెరుచుకుని, ఈ మాట పెట్టమంటారా అని ఇంకో మాట చూపిస్తోంది. పొడిస్తే చాలు, పాత మాట పోయి కొత్త మాట, గీత మాయం. అంతే. పొద్దుగూకేదాకా పొడుస్తూనే ఉన్నారు. డొక్కలు పోయి డబ్బాలొచ్చాయి. నులక పోయి నలక వచ్చింది. తాడుకి పురి పెట్టడం పోయి పూరి పెట్టడం వచ్చింది. పీచు పాకలో అందరికన్నా పెద్దది బుల్లెమ్మ. ఆమె పేరున్న చోటల్లా బుల్లెట్ అని పడింది. "డబ్బాలు ఊరబెట్టి పూరి పెడితే నలక గట్టిగా ఉంటుందని బుల్లెట్ చెప్పింది" అని వీరరాఘవులు పైకి చదివితే, అమ్మాయి వంట గురించి కూడా ఇంత వివరంగా రాసిందా అని తాయారమ్మ మురిసిపోయింది.

మర్నాడు పుస్తకం మొత్తం గాలించినా ఒక్క ఎర్రగీత లేదు. ఆ ఆనందంలో వీరరాఘవులు ఇంకో పోటు పొడిచాడు. ఈసారి లెక్క తీసే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. ఎడంపక్క వరసగా పీచు పాక మాటలు, కుడిపక్క అవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్క. నులక, సున్నా. పురి, సున్నా. డొక్క, సున్నా.

ఇంకేముంది, ఇల్లంతా గగ్గోలు. ఆ మాటలు ఉండాల్సిన చోట ఉంటే కదా లెక్కకొచ్చేది? ఆ ఆలోచన ఒక్కరికీ రాలేదు. పీచు పాకవాళ్ళే పనిగట్టుకుని ఆ మాటలు అనడం మానేశారని తేల్చారు. వీరరాఘవులు కండువా భుజాన వేసుకుని పాకకి పరుగెత్తి, మా అమ్మాయి మీద నీకింత పగ ఏమిటని బుల్లెమ్మని నిలదీశాడు.

బుల్లెమ్మ చేతిలో పేనుతున్న తాడు అలాగే పట్టుకుని తెల్లబోయింది. "తెల్లారిన కాడ్నించీ నులక నులకంటా నోరు పడిపోతంది కదు బాబూ. ఇంకెన్నిసార్లనాలి?"

"మాకు కాదు, మిషనుకి వినపడాలి. ఇక్కడ అనుకుంటే దానికేం తెలుస్తది?" అన్నాడు వీరరాఘవులు. అది నిజమేననిపించింది బుల్లెమ్మకి. హైమమ్మ అంటే పాకలో అందరికీ ప్రాణం. చేతిలో పనులు వదిలేసి ఆడవాళ్ళంతా కదిలొచ్చారు.

అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టి, తెడ్డుతో మైకు బొమ్మని పొడిచారు. ఒక్కొక్కరూ వంగి నులక అనడం, పక్కకి తప్పుకోవడం, వెనక్కి వెళ్ళి మళ్ళీ వరసలో నిలబడ్డం. మైకు అన్నీ రాసుకుంటోంది, నాలుగో అధ్యాయం మధ్యలో. నా వంతు నువ్వు తినేశావని వరసలో వెనకాలున్న సూరమ్మ బుల్లెమ్మతో అంది. వంతులు తినే రకం ఎవరో ఊరందరికీ తెలుసని బుల్లెమ్మ అంది. అక్కణ్ణించి డొక్కలు బాదే కర్ర ఎవరు పట్టుకుపోయారన్న పాత తగువు లేచింది. అందులోంచి మేనత్తల తగువు, దాంట్లోంచి కొబ్బరిపుల్లల చీపురు తగువు. మధ్యలో తాయారమ్మ టీలో పంచదార సరిపోయిందా అని అడగడం, వీధిలో చేపలమ్మి కేక, సోమలింగం తుమ్ము, మైకు ఏదీ వదల్లేదు. సాయంత్రానికి సాఫ్ట్‌వేర్‌లో నులక పక్కన లెక్క కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

గురువారం పొద్దున్నే హైమవతి దిగింది. అక్కకి ఆడపిల్ల పుట్టిందన్న కబురు నోట్లో ఉండగానే తెర చూసింది. బుల్లెట్ పూరి పెట్టింది. బుల్లెట్‌కీ సూరమ్మకీ కొట్లాట. మధ్యలో టీ. హైమవతి అక్కడే కూలబడి ఏడ్చేసింది. చేసిన మేలుకి ఇంత కదిలిపోయిందా పిల్ల అని తాయారమ్మ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది.

అదృష్టం బాగుంది, ఇంటర్నెట్‌లో ఎక్కడో పాత ప్రతి దాగి ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకునేసరికి పిల్లకి ప్రాణం లేచొచ్చింది. పాడైన ప్రతి చెరిపేద్దామని ఆ తగువు మళ్ళీ ఓసారి చదివితే, తన రికార్డర్ ముందు వాళ్ళు సిగ్గుపడి ఎన్నడూ పలకని మాటలు అందులో బోలెడు దొరికాయి. నవ్వుకుంటూ వాటిని చివర్న ఓ అనుబంధంగా పెట్టింది. అన్నీ సరిచూసి, ఫైలు అమలాపురంలో ప్రింటింగు షాపుకి పంపించింది.

తర్వాత ముగ్గుర్నీ కూచోబెట్టి, చిన్నపిల్లలకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "మావయ్యగారూ, ఎర్రగీతంటే తప్పని కాదు. ఈ మిషనుకి మనూరి మాటలు తెలీవు. తెలీని మాట కనపడినప్పుడల్లా కింద గీత గీస్తుందంతే. గీతలున్న ఆ మాటలే నా పుస్తకానికి ప్రాణం. అవి పోతే పుస్తకమే లేదు."

ఎంత పాపం చేయబోయాం అని సోమలింగం లెంపలేసుకున్నాడు. గీతలే ప్రాణం అన్న మాట మనసులో గట్టిగా ముడేసుకున్నాడు.

శుక్రవారం తెల్లారకుండానే వీరరాఘవులు అమలాపురం వెళ్ళి బైండు చేసిన పుస్తకాలు తెచ్చాడు. హైమవతి అలిసిపోయి పడుకుంది, బస్సు మధ్యాహ్నానికి. ముగ్గురూ ఆత్రంగా పుస్తకం విప్పారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. మొదటినుంచి చివరిదాకా తిప్పారు.

ఒక్క ఎర్రగీత లేదు.

షాపువాడు ప్రాణం తీసేశాడు. వీరరాఘవులు వాణ్ణి తన్నడానికి లేచాడు. తన్నడానికి టైము లేదని తాయారమ్మ ఆపింది. పిల్లని లేపితే గుండె ఆగిపోతుందని, ఆమెకి తెలియకుండానే సరిచెయ్యాలని నిర్ణయం జరిగింది. అంతే. కొట్టు తెరిపించి ఎర్రపెన్నులూ స్కేళ్ళూ తెచ్చారు. పీచు పాకకి కబురెళ్ళింది. చదువొచ్చినవాళ్ళు గీత గీశారు, రానివాళ్ళు స్కేలు కదలకుండా పట్టుకున్నారు. ఏవి తమ మాటలో పాకవాళ్ళకి ఒకరు చెప్పాలా? నులక కింద గీత, పురి కింద గీత. తన పేరు కింద గీత పడగానే బుల్లెమ్మ ఆ పేజీని కళ్ళకద్దుకుంది. నాకు సన్నంగా గీశారని సూరమ్మ అలిగితే రెండోసారి గీశారు. హైమవతి లేచేసరికి పుస్తకాలు అట్టపెట్టెలో భద్రంగా సర్ది, తాడు కట్టి సిద్ధంగా ఉన్నాయి. ఆమె విప్పి చూడలేదు. గడువులోగా ఇచ్చేసింది.

కొన్నాళ్ళకి వైవాకి పిలిచారు. పరీక్ష చెయ్యడానికి వచ్చిన పెద్దావిడ పుస్తకం తెరిచి, ఈ గీతలెవరు గీశారమ్మా అని అడిగింది. హైమవతి తొంగి చూసింది. పేజీ నిండా ఎర్రగీతలు. అబద్ధం చెప్పడానికి ఏదీ తట్టక, తెడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టి జరిగిందంతా చెప్పేసింది. పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని నవ్వింది, మళ్ళీ తుడుచుకుని మళ్ళీ నవ్వింది. ఏ మాట కోసం వెతికినా ఇంత సులువుగా దొరికిన థీసిస్ తను చూడలేదంది. డాక్టరేటు ఇచ్చేశారు.

పట్టా చేతికొచ్చిన రోజు హైమవతి దాన్ని దేవుడి దగ్గర పెట్టి, పీచు పాకలో స్వీట్లు పంచడానికి వెళ్ళింది. సోమలింగం పట్టాని వెలుగులోకి పట్టుకుని చూశాడు. ఎక్కడా గీత లేదు. తమ్ముణ్ణీ భార్యనీ పిలిచి చూపించాడు. పైగా అంతా ఇంగ్లీషు. అందులో అమ్మాయి పేరు ఏదో ముగ్గురికీ తెలీలేదు. ఏదో ఒక వరస వదిలేస్తే, ఆ వదిలేసిందే పేరైతే? ఇంకేముంది, మొత్తం గీసేశారు. యూనివర్సిటీ పేరు కింద, సంతకాల కింద, తారీఖు కింద, ముద్ర చుట్టూ. పెన్నయితే చెరిగిపోతుందని గేటుకి వేసే ఎర్రరంగు వాడారు.

హైమవతి తిరిగొచ్చేసరికి పట్టా దండెం మీద క్లిప్పులతో ఆరుతోంది. రంగు కారి చీరల మీద పడుతోంది. ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

సోమలింగం ఆమె తలమీద చెయ్యి వేశాడు. "మిషనుకి తెలీని మాటల కిందే గీతుంటదన్నావు కదమ్మా. నీలాంటి కోడలు ఏ మిషనుకి తెలుస్తది?"

హైమవతి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. సంతోషం పట్టలేకపోతోంది పిచ్చిపిల్ల అనుకుని, ఆ ఊపులోనే అన్నదమ్ములు గోడకున్న పెళ్ళిఫోటో దింపారు. తాయారమ్మ రంగు డబ్బా పట్టుకుంది. ఫోటోలో హైమవతి కాళ్ళ కింద గీత గీద్దామంటే కాళ్ళు అందులో పడలేదు. అంతే, మెడ కింద గీశారు.