కొండచెర్రీ ఇంటిపేరు

ఒకప్పుడు చెట్లకి పూతకాలం అంటూ లేదు. ఎవరికి మనసైతే వాళ్ళు పూసేవాళ్ళు. తేనెటీగలు అటూ ఇటూ తిరగలేక కూలబడిపోయేవి. ఆ రోజుల్లో చెట్లు నడిచేవి కూడా.

ఒకరోజు చెట్లన్నిటికీ పెద్దదిక్కయిన కొండతాత కేకేశాడు. "ఇట్టా కుదరదు! ఇంటిపేర్ల వారీగా రండి. ఒక్కొక్కరికీ ఓ కాలం పంచుతా. ఇంటిపేరు లేనోళ్ళకి పూతే లేదు."

కొండకొమ్మున చలిలో ఒంటరిగా పెరిగిన కొండచెర్రీకి గుండె గుభేల్మంది. పూలంటే దానికి ప్రాణం. ఇంటిపేరేమో తెలీదు.

గబగబా మామిడి దగ్గరికి దిగింది. "బాబాయ్, నా పండులోనూ ఒకటే టెంక. నేను మీ అమ్మాయినా?"

"టెంకుంటే సరా? తొడిమ తుంచు. జీడి కారాలి, మూతి పొక్కాలి!"

తుంచింది. చుక్క రాలేదు. పక్కన జీడిమామిడి కిసుక్కున నవ్వింది.

అడవిగులాబి మామ్మ దగ్గరికెళ్ళింది. మామ్మ దాన్ని కిందినుంచి పైదాకా తడిమింది. "ముల్లేదే? ముల్లు లేని పిల్ల మా ఇంట పుట్టదమ్మా."

చెర్రీకి కళ్ళనీళ్ళొచ్చాయి. దాని కొమ్మ మీదున్న పికిలిపిట్ట ఊరుకోలేదు. అందరి పళ్ళూ రుచి చూసిన పిట్ట అది.

"ఓ మామ్మా! నీ మనవడు ఆల్‌బుకారా టెంకా, ఈ పిల్ల టెంకా ఒకే పోలిక. ఇంకా ముళ్ళు తడుముతావేంటి? పువ్వు చూడు, పువ్వు!"

మామ్మ తన పువ్వు పక్కన చెర్రీ పువ్వు పెట్టింది. ఇటు అయిదు రేకులు. అటూ అయిదే. మధ్యలో అదే పసుప్పచ్చ కుచ్చు. ఆకుల అంచులు కూడా రంపంలాగే.

"ఓసి నా తల్లీ! నా మనవరాలివేనే! ముల్లు చూశా గానీ మొహం చూడలేదు" అని మామ్మ దాన్ని వాటేసుకుంది. తన చేతి గాజులన్నీ తీసి దాని మానుకి తొడిగేసింది.

ఇద్దరూ కొండతాత దగ్గరికి పరిగెత్తారు. తాత తల గోక్కున్నాడు. "అయ్యో, అన్నీ పంచేశానే! చలికాలం ఒక్కటే మిగిలింది. ఎవరూ వద్దన్నారు."

"చలా? చలిలోనే పుట్టాను తాతా! ఇచ్చెయ్!"

ఇంకేం, చలికాలం రాగానే ఆ సంతోషంలో చెర్రీ, రాలిన ఆకులు మళ్ళీ వేసేదాకా కూడా ఆగలేదు. ఉత్త కొమ్మల మీదే గులాబిరంగు పూలు విరగబూసింది. ముడుచుకు పడుకున్న తేనెటీగలు ఝుమ్మని లేచాయి.

అప్పటినుంచే, మిగతా చెట్లన్నీ వణుకుతుంటే కొండచెర్రీ మాత్రం ఒళ్ళంతా పూలతో నవ్వుద్ది. దాని మాను చూడండి, చుట్టూతా గుండ్రటి చారలై మామ్మ తొడిగిన గాజులు ఇంకా మెరుస్తానే ఉంటాయి.