దర్గా మెట్ల కింద చెప్పులు

ఇనాయతుల్లాకు ఒక జబ్బు ఉండేది. ఏదీ దాని మానాన అది ఉండటం చూసి ఓర్చుకోలేడు. కుండ మీద మూత వంకరగా ఉంటే, ఆ కుండ ఎవరిదైనా సరే, లోపలికి పోయి సరిచేసి వచ్చేవాడు. ఇలాంటివాళ్ళు ఇంటికొకరుంటారు. మా ఇంట్లో వెతకనక్కర్లేదు, ఈ కథ చెబుతున్నది వాడే.

ఏటిగడ్డ ఊరి బయట, తన గురువు దర్గా చూసుకుంటూ సఫ్దర్ షా అనే ఫకీరు ఉండేవాడు. ఇనాయతు ఆయన శిష్యుడు. ఊరికి కొత్వాలు కావలసి వచ్చినప్పుడు నవాబు గారి దివాను కన్ను ఇతని మీద పడింది. ఎర్రతోలు చెప్పుల జత ఒకటి బహుమానంగా ఇచ్చి, "మీ బాబా నీ తల మీద చెయ్యి పెడితే రేపే వచ్చి పనిలో చేరు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇనాయతు కొత్త చెప్పులు కిర్రుమనిపించుకుంటూ గురువు దగ్గరికి వచ్చాడు. ఆయన మెట్ల మీద కూర్చుని ఉడకబెట్టిన కందికాయలు వలుచుకు తింటున్నాడు. శిష్యుడు నిలబడే తన ఆలోచనంతా చెప్పాడు. బజారులో పూలవాళ్ళు ఒక పక్క, గాజులవాళ్ళు ఒక పక్క. నగారా మోగితేనే అంగడి తెరవాలి, మళ్ళీ మోగితే మూయాలి. అరుగు ఎంత ఎత్తు కట్టుకోవాలో, పెళ్ళికి ఎందరిని పిలవాలో, అదీ తనే చెబుతాడు.

"దేనికి నాయనా ఇదంతా?"

"వాళ్ళ మంచికే బాబా."

"వాళ్ళడిగినారా?"

"వాళ్ళకేం తెలుసు? జనాన్ని వాళ్ళ ఇష్టానికి వదిలేస్తే ఊరు మిగులుతుందా?"

"మరి ఇంతకాలం ఎట్లా మిగిలింది?"

"అదే నాకూ అంతుబట్టలేదు బాబా" అన్నాడు ఇనాయతు నిజాయితీగా.

గురువు ఇంకో కాయ వలిచాడు.

అది గురువారం, దర్గాలో ఖవ్వాలీ పాట ఉండే రోజు. పాట వినడానికి జనం వచ్చి లోపల కూర్చున్నారు. హిందువులు, ముసల్మానులు, అన్ని రకాలవాళ్ళూ. వాళ్ళ చెప్పులు మెట్ల కింద ఎక్కడివక్కడ పడున్నాయి. కొన్ని వేపచెట్టు మొదట్లో, కొన్ని గోడ వారన, కొన్ని ఒకదాని మీద ఒకటి. మెట్ల పక్కనే పూలమ్మే తిప్పక్క బుట్ట ముందర పెట్టుకుని మాల కడుతోంది.

ఇనాయతు వాటికేసి చెయ్యి చూపించాడు. "చూడండి బాబా. ఇదీ వీళ్ళ వాలకం. కాళ్ళ కింది చెప్పులే సరిగ్గా పెట్టుకోలేనివాళ్ళు బతుకులేం సర్దుకుంటారు?"

"అయితే ముందు ఇది సర్దు" అన్నాడు గురువు. "పాట అయ్యేలోగా. బాగుంటే నీ తల మీద చెయ్యి పెడతా." అని లోపలికి పోయాడు.

ఇనాయతు నడుం బిగించాడు. ముందుగా తిప్పక్క బుట్ట వరసకు అడ్డమొచ్చింది.

"అక్కా, గోడ అవతలికి పో."

"ఎప్పుడూ ఈడనే కదప్పా కూర్చునేది. ఏమైంది ఇప్పుడు?"

"ఇది దారి."

"నడిచేవాళ్ళు నడుస్తానే ఉండారు, నీకే అడ్డమొచ్చినానా?" అని సణుక్కుంటూ బుట్టెత్తుకుని పోయింది.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస. కొత్తవి ముందు, అరిగినవి వెనక. నమూనాగా ఉంటుందని తన ఎర్రతోలు చెప్పులు విడిచి మొదటి వరస మొదట్లో పెట్టాడు.

చివరికి మూడు చెప్పులకు జత కుదరలేదు. రెండు ఒకే తీరు, ఒకే కొలత. ఒకటి మాత్రం చేటంత వెడల్పు. ఇనాయతు ఆ రెంటినీ జతచేశాడు. రెండూ ఎడమకాలివే అయినా, ఉన్నంతలో చక్కగా కుదిరాయి. చేటంతదాన్ని, పనికిరానిదని, కంప మీదికి విసిరేశాడు. వెనక్కి జరిగి చూసుకుంటే తన పనికి తనకే కళ్ళు చెమర్చాయి.

పాట అయింది. జనం బయటికొచ్చారు. ఎప్పటిలాగే మాట్లాడుకుంటూ, కిందికి చూడకుండానే, విడిచిన చోట కాలు పెట్టారు. కాలికి నేల తగిలింది. అప్పుడు కిందికి చూశారు.

"నావి చెట్టు కింద పెట్టింటినే!"

"ఒరే, అవి నావి, తియ్యి కాలు."

"నీవైతే నీ కాలికి బిగుసుకుంటాయేమిరా?"

ఈరన్న, ముద్దన్న అన్నదమ్ములు ఒకే జత పట్టుకున్నారు. ఇనాయతు అడ్డం వెళ్ళాడు.

"ఎవరివి ఇవి?"

"మావి" అన్నారిద్దరూ.

"ఇద్దరివీ ఎట్లా అవుతాయి? ఒక పేరు చెప్పండి."

పొలం నుంచి వచ్చేటప్పుడు అన్న తొడుక్కునేవాడు, పోయేటప్పుడు తమ్ముడు తొడుక్కునేవాడు. వాళ్ళలో ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న వేసుకోలేదు. వేసుకున్నాక, అన్న తమ్ముడి మొహంకేసి అదోలా చూశాడు.

ఇంతలో కట్టెకాలి దాసప్ప వచ్చాడు. పాత సిపాయి; కుడికాలు ఏదో యుద్ధంలో పోయింది. ఆయనకుండేదే ఒక చెప్పు. దానికి జతగా ఇంకోటి చూసి నిదానంగా అన్నాడు, "ఏం సామీ, నాకు కాలు మొలుస్తాదని దస్తగీరు పీరు కలలో వచ్చి చెప్పినాడా?"

ఆ వెనకే ముసలి ఓబిలేసు. ఆయన కుడికాలు బోదకాలు. ఆ కాలికని అడిగి కుట్టించుకున్న వెడల్పు చెప్పు లేక, గడప దాటలేక, గోడ పట్టుకుని నిలబడ్డాడు. కింద కంకరరాళ్ళు. ఆ కాలికి గీసుకుంటే ఇక మానదని ఊరందరికీ తెలుసు.

"యాడ పెట్టినావు నాయనా?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు. అదే ఇనాయతుకు తగిలింది.

గోల పెరిగింది. "ఎవరూ కదలొద్దు! నేను పిలిచినవాళ్ళే ముందుకు రావాలి!" అని ఇనాయతు అరిచాడు. జనం నిలబడిపోయారు. ఎవరిని పిలవాలో మాత్రం అతనికి తెలియలేదు.

గురువు అందరికంటే చివర బయటికొచ్చాడు. నేరుగా కంప దగ్గరికి నడిచి, ముళ్ళలోంచి వెడల్పు చెప్పు తీసి, దులిపి, వంగి ఓబిలేసు కాలి ముందు పెట్టాడు. తర్వాత ఇనాయతు మణికట్టు పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టాడు. చేతిలో గుప్పెడు కందికాయలు పోశాడు.

"వలు."

"బాబా, అక్కడ వాళ్ళు..."

"వలు నాయనా."

లేవబోతే మోకాలి మీద చెయ్యి వేశాడు. ఇనాయతు వలిచాడు. ఎదురుగా జనం ఒకరినొకరు చూసుకున్నారు.

"ఒరే, ఈ బొటనవేలి ఉంగటం తెగిన చెప్పు నీది కాదూ?"

"ఇట్లా ఎయ్యన్నా."

"దాసప్పా, నీ ఒంటిది ఇదో."

ఎవరో నవ్వారు. తమ్ముడు ముద్దన్న ఆ జతను అన్న ముందుకు తోశాడు. అన్న వాటిని వెనక్కి తోసి, "నీ వంతు కదరా" అని ఉత్తకాళ్ళతో నడిచాడు. ఓబిలేసు రెండు చెప్పులూ తొడుక్కుని, మెట్ల మీదివాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు. ఇనాయతు చేతిలో కాయలు ఇంకా మిగిలుండగానే ముంగిలి ఖాళీ అయింది.

ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ.

"బాబా, నా చెప్పులు లేవు."

"ఎర్రవా?"

"మొదటి వరసలో పెట్టాను. ఎవరూ కదలొద్దని కూడా చెప్పానే!"

"నీ మాట వినేవాళ్ళు కదల్లేదు" అన్నాడు గురువు. "దొంగ వినలేదు."

గోడ అవతలి నుంచి తిప్పక్క గొంతు వినిపించింది. "నేను ఈడ కూర్చున్నన్నాళ్ళు ఒక్క చెప్పు పోలేదప్పా."

ఇనాయతు లేచి, గోడ అవతలికి పోయి, పూలబుట్ట నెత్తిన పెట్టుకొచ్చి, మెట్ల పక్కన దాని పాత చోట దించాడు. అది కొంచెం వంకరగా కూర్చుంది. అతని చెయ్యి దాని మీదికి పోయింది. మధ్యలోనే ఆగింది.

గురువు అది చూశాడు. దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు.

"రేపు పోయి పనిలో చేరు. ముందు ఆ ఎర్ర చెప్పులవాణ్ణి పట్టుకో."

అని, తన దగ్గర మిగిలిన కందికాయలన్నీ శిష్యుడి ఉత్తరీయం కొంగులో పోసి ముడివేశాడు.

"ఇవి దేనికి బాబా?"

"దొంగలు రాని వేళ కూర్చుని వలవడానికి."