పాత రేటు కీబోర్డు

తణుకులో త్రినాథ్ అనే కీబోర్డు వాద్యకారుడు ఉండేవాడు. ఏ పాటైనా ఒక్కసారి వింటే వాయించేవాడు గాని, పక్కవాడు బాగుపడితే మాత్రం చూడలేకపోయేవాడు.

అదే ఊళ్లో సొలొమోను అనే మరో వాద్యకారుడు ఉండేవాడు. త్రినాథ్ కంటే మూడేళ్లు చిన్న. ఇద్దరూ శేషగిరి గారి ఆర్కెస్ట్రాలో పెళ్లిళ్లకీ, రిసెప్షన్లకీ వాయించేవారు. మొదటి కీబోర్డు త్రినాథ్‌ది, రెండోది సొలొమోనుది. ఆ వరస అలా సాగినన్నాళ్లూ త్రినాథ్‌కు సొలొమోను అంటే ఇష్టమే. "తమ్ముడూ" అని పిలిచి టీ కూడా ఇప్పించేవాడు.

ఆషాఢంలో, పెళ్లిళ్లు లేని రోజుల్లో, సొలొమోను ఉదయాన్నే త్రినాథ్ ఇంటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, రాజమండ్రిలో కొత్త కీబోర్డు కొన్నాను. జపాన్‌ది. అరవై ఎనిమిది వేలు" అన్నాడు.

త్రినాథ్ గుండెలో కలుక్కుమంది. అతని కీబోర్డు కొని తొమ్మిదేళ్లయింది. రెండు మీటలు నొక్కితే ఒక్కోసారి పైకి లేచేవి కావు. కొత్తది కొనాలని అతనూ డెబ్బై వేలు దాచి ఉంచాడు. కానీ తనకంటే ముందు సొలొమోను కొంటాడని ఎన్నడూ అనుకోలేదు.

"మంచిదే" అన్నాడు ముక్తసరిగా.

"షాపులో ఇంకొక్కటే ఉందన్నా. అది నువ్వు తీసుకో. రూపాయి పడిపోతోందట. ఇక మీదట వచ్చే సరుకు ఈ రేటుకు రాదని షాపు ఓనరు హబీబుల్లా గారు చెప్పారు. సోమవారం కలిసి వెళ్దామా?"

త్రినాథ్ భార్య భ్రమరాంబ కాఫీ తెచ్చి ఇస్తూ, "వెళ్లి రండి. డబ్బు ఉండనే ఉంది కదా" అంది.

త్రినాథ్ ఆలోచన మరోలా ఉంది. 'ముందు తను కొన్నాడు. ఇప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి అదే కొనిపిస్తాడు. అన్నకు నేనే కొనిపించానని ఊరంతా చెప్పుకుంటాడు. పైగా షాపువాడి దగ్గర కమీషన్ కూడా కొట్టేస్తాడు.'

"రూపాయి పడితే నాకేమిటి? కూరగాయలు కొన్నా రూపాయలే ఇస్తాను, కీబోర్డు కొన్నా రూపాయలే ఇస్తాను. కొనాల్సినప్పుడు నేనే కొనుక్కుంటాలే" అన్నాడు.

సొలొమోను మొహం చిన్నబోయింది. కాఫీ తాగి వెళ్లిపోయాడు.

"అతను మన మంచికే చెప్పాడేమోనండీ" అంది భ్రమరాంబ.

"నీకు తెలియదు. గొప్ప చూపించుకోవడానికి వచ్చాడు" అన్నాడు త్రినాథ్.

శ్రావణం వచ్చింది. అత్తిలిలో మొదటి రిసెప్షన్. సొలొమోను కొత్త కీబోర్డు మీద వేణువు అంటే వేణువే పలికింది, వీణ అంటే వీణే పలికింది. భోజనాలకు లేచినవాళ్లు కూడా నిలబడి విన్నారు. పెళ్లికూతురి బాబాయి స్టేజి ఎక్కి సొలొమోను భుజం తట్టాడు. అప్పుడు శేషగిరి గారు త్రినాథ్ వైపు వంగి, "తరవాతి పాటలో వేణువు బిట్టు వాణ్ణి వాయించనివ్వయ్యా, బాగుంటుంది" అన్నాడు.

ఆ బిట్టు తొమ్మిదేళ్లుగా త్రినాథ్‌ది. ఆ పూట విస్తరి ముందు కూర్చుని అతను ముద్ద మింగలేకపోయాడు. ఎదురుగా సొలొమోను నవ్వుతూ పప్పు వడ్డించుకుంటుంటే, ఆ నవ్వు తన మీదే అనిపించింది.

మర్నాడు బస్సెక్కి రాజమండ్రి వెళ్లాడు. హబీబుల్లా గారి షాపులో అదే కీబోర్డు ఉంది. దాని మీద డెబ్బై మూడు వేలని రాసి ఉంది.

"సొలొమోనుకు అరవై ఎనిమిదికి ఇచ్చారు. నాకు ఐదు వేలు ఎక్కువా?" అని గొంతు పెంచాడు.

హబీబుల్లా గారు నెమ్మదస్తుడు. "అతను కొన్నది పాత సరుకు, బాబూ. ఇది మొన్న దిగింది. జపాన్ కంపెనీ వాడు పైసా పెంచలేదు. వాడు డాలర్లలో అడుగుతాడు, అప్పుడూ ఇప్పుడూ అవే డాలర్లు. కాని ఒక్కో డాలరు కొనడానికి మనం ఇప్పుడు ఎక్కువ రూపాయలు పోయాలి. పెరిగిన ధర మీద పన్నూ పెరుగుతుంది. అటు చూడండి" అని వీధికి అవతల ఉన్న షాపు చూపించాడు. అక్కడ ఒకామె టీవీల మీద పాత ధర చీటీలు గీకేసి కొత్తవి అంటిస్తోంది. "బయటి దేశం నుంచి వచ్చే ప్రతి వస్తువుకీ ఇదే గతి. రూపాయి బలం తగ్గితే ఆ బరువు కొనేవాడి మీదే పడుతుంది."

"ఆగితే తగ్గదా?"

"తగ్గచ్చు, ఇంకా పెరగచ్చు. అది నా చేతిలో లేదు."

మూడు వేలు సర్దుకుంటే ఆ రోజే కీబోర్డు త్రినాథ్ సొంతమయ్యేది. కాని అతని మనసు ఒప్పుకోలేదు. సొలొమోను కంటే ఐదు వేలు ఎక్కువ పెట్టి సొలొమోను కొన్న వస్తువే కొనాలా? ఆ ఐదు వేలూ తన తల మీద రాసిపెట్టినట్టు అనిపించింది. ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు.

వచ్చినవాడు ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గర డ్రమ్ములు వాయించే వీర్రాజు కనిపిస్తే, "హబీబుల్లా దగ్గర సొలొమోను కమీషన్ తింటున్నాడు. వాడి మాట మీదే నాకు రేటు పెంచారు" అని చెప్పాడు. రెండు రోజుల్లో ఆ మాట ఊరు చుట్టింది. తమకో కీబోర్డు ఎంచిపెట్టమని సొలొమోనును అడిగిన చర్చివాళ్లు ఈ సంగతి వినగానే మరొకరిని పంపారు. సొలొమోను రిహార్సల్‌కు తల వంచుకుని వచ్చి, తల వంచుకునే వెళ్లేవాడు. అతన్ని చూసి త్రినాథ్‌కు కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం కార్తీకం దాకానే నిలిచింది. భీమవరంలో పెద్ద రిసెప్షన్. పాట మధ్యలో త్రినాథ్ కీబోర్డు మీట ఒకటి కిందికి దిగి పైకి లేవలేదు. కుయ్యిమని ఒకటే మోత. ఎంత కొట్టినా ఆగలేదు. జనం నవ్వారు, పిల్లలు ఆ కూతను అనుకరించారు. చివరికి త్రినాథ్ ప్లగ్గు పీకేశాడు. ఆ క్షణంలోనే సొలొమోను పాట అందుకుని, ఎక్కడా తెగకుండా చివరిదాకా నడిపించాడు.

ఆర్కెస్ట్రా పరువు నిలిచినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ నిలిపినవాడు సొలొమోను అయినందుకే త్రినాథ్ మరింత రగిలిపోయాడు.

"త్రినాథ్, ఇకనుంచి మొదటి కీబోర్డు సొలొమోను వాయిస్తాడు. నువ్వు మంచి కీబోర్డు తెచ్చుకున్నాక రా" అన్నాడు శేషగిరి గారు.

మళ్లీ రాజమండ్రి. ఈసారి చీటీ మీద డెబ్బై ఎనిమిది వేలు.

"సరే, కొంటాను. సొలొమోనుకు ఇచ్చే కమీషన్ నాకు తగ్గించండి" అన్నాడు త్రినాథ్.

హబీబుల్లా గారు కళ్లజోడు తీసి అతని వంక చూశాడు.

"కమీషనా? ఆషాఢంలో నా దగ్గర మిగిలిన ఆ ఒక్క కీబోర్డు మీద రెండు వేలు అడ్వాన్సు కట్టింది ఎవరనుకున్నారు? సొలొమోనే. 'మా అన్న రానన్నాడు గాని మనసు మార్చుకుంటాడు, ఎవరికీ ఇవ్వకండి' అన్నాడు. పన్నెండు రోజులు పక్కన పెట్టాను. మీరు రాలేదు. కొవ్వూరు నుంచి ఒక టీచరమ్మ వచ్చి తీసుకెళ్లింది. అతని రెండు వేలు అతనికి తిరిగి ఇచ్చేశాను."

త్రినాథ్ కీబోర్డు మాట ఎత్తకుండానే షాపు బయటికి నడిచాడు. పన్నెండు రోజులు! ఆ పన్నెండు రోజులూ తను సొలొమోనును తిట్టుకుంటూ గడిపాడు.

బస్సు దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా సొలొమోను ఇంటికి నడిచాడు. సొలొమోను గుమ్మంలో కూర్చుని కూతురికి సరిగమలు నేర్పుతున్నాడు.

"నన్ను క్షమించు, తమ్ముడూ. నీ మీద లేనిపోనిది చెప్పాను" అన్నాడు త్రినాథ్.

సొలొమోను కూతుర్ని లోపలికి పంపాడు.

"రేటు పెరిగింది రూపాయి వల్ల. దానికి నువ్వూ కారణం కాదు, నేనూ కాదు. నా పేరు పోయింది మాత్రం నీ వల్లేనన్నా. చర్చివాళ్లు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఈ క్షమాపణ నాకు కాదు, విన్నవాళ్లకు చెప్పు" అన్నాడు.

త్రినాథ్ చెప్పాడు. రిహార్సల్‌లో అందరి ముందు నిలబడి చెప్పాడు. టీ కొట్టు దగ్గర చెప్పాడు. ఆదివారం ప్రార్థన అయ్యే దాకా చర్చి బయట ఆగి, పెద్దలను పిలిచి చెప్పాడు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు మొహం మీదే నవ్వారు.

ధర మాత్రం దిగి రాలేదు. డెబ్బై ఎనిమిది వేలకే ఆ కీబోర్డు కొన్నాడు. లోటు పడిన దానికి భ్రమరాంబ తన గాజులు ఇచ్చింది. శేషగిరి గారు అతన్ని మళ్లీ ఆర్కెస్ట్రాలోకి తీసుకున్నాడు గాని, రెండో కీబోర్డు దగ్గరే కూర్చోబెట్టాడు. ఉగాది వెళ్లాక ఒక పెళ్లిలో సొలొమోను వేణువు వాయిస్తుంటే, త్రినాథ్ మొదటిసారి దాన్ని కడుపు మంట లేకుండా విన్నాడు. చాలా బాగుందనిపించింది. ఆ మాట సొలొమోనుతో చెప్పాడు కూడా.

నీతి: రూపాయి విలువ తగ్గితే వస్తువు ధర పెరుగుతుంది, అది మన చేతిలో లేదు, కాని అసూయ పెరిగితే మనిషి విలువే తగ్గుతుంది, దాన్ని ఆపుకోవడం మన చేతిలోనే ఉంది.