దొరబాబు వీపా, బండన్న వీపా

వెదుళ్ళకోన అడవిలో ముళ్ళపందులు, కుందేళ్ళు, ఉడుతలు, పునుగుపిల్లులు ఇరుగుపొరుగుగా కాపురాలు చేసుకుంటూ ఉండేవి. కోన మధ్యలోంచి గుర్రాలవాగు పారేది. ఎండాకాలంలో అది ఉందో లేదో అన్నట్టుండే నీటిచార. వానలు ముదిరాయంటే మాత్రం పల్లంలోని బొరియలన్నిటినీ ముంచేసేది. అందుకని తొలకరి రోజుల్లోనే చిన్న జంతువులన్నీ వాగు దాటి, అవతల ఎర్రమిట్ట మీదున్న రాతిగుహల్లోకి మకాం మార్చేవి.

పిల్లాపాపలతో, తిండిగింజలతో ఆ రాళ్ళదారిన నడవడం వాటివల్ల అయ్యే పని కాదు. ఇన్నేళ్ళూ ఒక ముసలి కణితి దుప్పి అందరినీ వీపున ఎక్కించుకుని దాటించేది. ఈ ఏడు దానికి మోకాళ్ళు పట్టేశాయి. "ఇక నావల్ల కాదు నాయనా, వేరే దారి చూసుకోండి" అని చెప్పేసింది.

ఆ మాట అడవంతా పాకేలోపే ఇద్దరు పోటీకి వచ్చారు. ఒకరు దొరబాబు అనే ఏనుగు. ఇంకొకరు బండన్న అనే అడవిదున్న. కూలి ఇద్దరిదీ ఒకటే, ఇంటికో బుట్టెడు ఇప్పపూలు. ముందుగా ఎక్కి చూసుకోవడానికి మాత్రం ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎవరి వీపు నచ్చితే వాళ్ళతో మాట్లాడుకోవచ్చు.

ముళ్ళపంది ములుకయ్యకు ఈ ఎక్కి చూసుకోవడమన్న మాట బాగా నచ్చింది. ములుకయ్య మంచివాడే. ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తాడు, భార్యాపిల్లలంటే ప్రాణం. కాకపోతే నలుగురిలో గొప్పగా కనబడాలన్న యావ కాస్త ఎక్కువ.

"పిల్లల్ని కూడా తీసుకెళ్దామండీ. రేపు ఎక్కేది మనందరమూ కదా" అంది భార్య గైరమ్మ.

"వాళ్ళెందుకే? వచ్చి నా పరువు తీస్తారు. మన బుల్లి సంగతి నీకు తెలియదా? చీమ చిటుక్కుమన్నా ముళ్ళు లేపేస్తుంది. నేనొక్కణ్ణే వెళ్ళి చూసొస్తాను. నువ్వు ఆ దుంపలు ఎండబెట్టు."

గైరమ్మ దుంపల బుట్ట అందుకుంది. ఎంత చెప్పినా వినడని ఆమెకు తెలుసు.

ములుకయ్య పొద్దున్నే వాగులో స్నానం చేశాడు. తుమ్మజిగురు నూరి, ముళ్ళకు పట్టించి, అన్నిటినీ వెనక్కి దువ్వుకున్నాడు. ఎండకు జిగురు ఆరేసరికి ఒక్క ముల్లు కూడా పైకి లేవకుండా నున్నగా అతుక్కుపోయాయి. నీళ్ళలో తన నీడ చూసుకుని తనే మురిసిపోయాడు.

ముందు దొరబాబు దగ్గరికి వెళ్ళాడు. దొరబాబు తొండం చాచి, దానిమీదే నడిపించి పైకి ఎక్కించుకున్నాడు. వీపు నులకమంచం అంత వెడల్పు. చెవులు ఆడిస్తుంటే చల్లటి గాలి. మద్దిచెట్ల కిందున్న ఇసుకదారిలో ఆ చివరి నుంచి ఈ చివరి వరకు తిప్పుకొచ్చాడు. కుదుపన్నది లేదు. ఆగినా ఆగినట్టు తెలియలేదు.

అన్నిటికంటే ములుకయ్యకు నచ్చింది ఆ ఎత్తు. దారిలో ఉడుతలు కొమ్మల మీంచి తొంగిచూసి, "ఎవరా పైన? మన ములుకయ్య మామే" అని చెప్పుకున్నాయి. ఆ మాట చెవినబడగానే అతని మనసు అక్కడే స్థిరపడిపోయింది.

దించేటప్పుడు దొరబాబు ఒక మాట అడిగాడు. "బాబుగారూ, నా తోలు చూడ్డానికే మందం. ఈగ వాలినా నాకు తెలుస్తుంది. మీ ఇంట్లోవాళ్ళ ముళ్ళ సంగతి ఎలాగ?"

"అబ్బే, మా ఇంట్లో అందరివీ ఇదిగో, ఇలాగే పడుకుని ఉంటాయి" అన్నాడు ములుకయ్య, తన నున్నటి వీపు చూపిస్తూ.

"అయితే ఇబ్బంది లేదు లెండి" అన్నాడు దొరబాబు.

అక్కణ్ణుంచి బండన్న దగ్గరికి వెళ్ళాడు. అక్కడ తొండమూ లేదు, మర్యాదా లేదు. పక్కనున్న పుట్ట ఎక్కి, దాని మీంచి బండన్న వీపు మీదికి దూకాలి. వీపు ఎగుడుదిగుడుగా ఉంది. బెత్తెడు మందాన బురద ఎండి ఉంది, దాని వాసన వేరే. అడుగు తీసి అడుగు వేస్తే ఒళ్ళు హూనమవుతోంది.

పోనీ మంచి దారినైనా నడిచాడా అంటే అదీ లేదు. ముళ్ళపొదల్లో దూరాడు. బండరాళ్ళ మీదుగా ఎక్కి, ఇరుకు సందులో వెనక్కి తిరిగి, తిన్నగా వాగులోకి దిగాడు. ములుకయ్య మూతి మీద బురద చిమ్మింది.

"నన్నెందుకు ఇక్కడికి తెచ్చావు?" అని విసుక్కున్నాడు.

"రేపు వెళ్ళే దారి ఇదే కదయ్యా" అన్నాడు బండన్న. నడుస్తూనే, "మీ ముళ్ళు లేస్తాయా?" అని అడిగాడు.

"ఎందుకడుగుతున్నావు?"

"లేస్తే లేపుకోండి, నాకేం తెలియదు. ఊరికే అడిగాను."

ఇలాంటి మోటువాడితో మనకేంటి అనుకుని ములుకయ్య ఒళ్ళు దులుపుకుని దిగిపోయాడు. అంతసేపు తిరిగినా ఎవరూ తనని చూడలేదన్న బాధ కూడా ఉంది.

ఆ సాయంత్రం పొరుగువాళ్ళంతా చేరి ఎలా ఉందని అడిగారు. ములుకయ్య ఒక రాయెక్కి కూర్చుని, పుట్టినప్పటి నుంచీ వీపులు పోల్చడమే పని అన్నట్టు చెప్పుకొచ్చాడు.

"దొరబాబు ఎత్తు, బండన్న పొట్టి. దొరబాబు వీపు మెత్తన, బండన్న వీపు గట్టి. అక్కడ గాలి, ఇక్కడ బురద. దొరబాబు తిండి కాస్త ఎక్కువ, దారిలో ఆగి ఆగి మేస్తాడు, ఒప్పుకుంటాను. బండన్నకు గుప్పెడు గడ్డి చాలు. కానీ మనం వెళ్ళేది సుఖంగా వెళ్ళాలా, తిండి మిగల్చడానికి వెళ్ళాలా?"

కుందేలు నూకాలు అంతా విని, "పిల్లలు పైన సరిగ్గా కూర్చున్నారా అన్నయ్యా?" అని అడిగింది.

"పిల్లల్ని తీసుకెళ్ళలేదు చెల్లెమ్మా."

"మరి సామాను ఎక్కించి చూశారా?"

"చూసి రావడానికి సామానెందుకు?" అని ములుకయ్య నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. నూకాలు మాత్రం గడ్డిమూటలు కట్టుకోవడానికి ఇంటికి వెళ్ళింది.

మర్నాడు నూకాలు తన పిల్లల మందనంతా వెంటేసుకుని, గడ్డిమూటలు నెత్తికెత్తుకుని బయల్దేరింది. ఆ పిల్లలు కూర్చున్న చోట కూర్చునే రకం కాదు. నూకాలు వాళ్ళని బుద్ధిగా ఉండమని చెప్పలేదు. రేపు ఎలాగూ ఉండరు, ఇవాళ ఉంటే ఏం లాభం అనుకుంది.

దొరబాబు వీపు మీద వాళ్ళు ఎగిరి గంతులేశారు. ఒకడు అంచు దాటి కిందికి జారాడు. దొరబాబు తొండంతో పట్టుకున్నాడు గానీ, నూకాలు వెంటనే పిల్లలందరినీ దగ్గరికి లాక్కుంది. "నీ తప్పేం లేదు బాబూ. మావాళ్ళకు ఇంత ఎత్తు పనికిరాదు" అని దిగిపోయింది.

బండన్న వీపు మీద కూడా వాళ్ళు అలాగే ఎగిరారు. ఇద్దరు దూకేశారు కూడా. ఎత్తు తక్కువ కాబట్టి గడ్డిలో పడి, రాయెక్కి మళ్ళీ పైకి వచ్చారు. వాగులో దిగినా, మూట ఒక పక్కకు ఒరిగినా బండన్న తన మానాన తను నడిచాడు. నూకాలు అతనితో మాట్లాడేసుకుంది.

ఉడుతలు దొరబాబును కుదుర్చుకున్నాయి. వాటికి ఎత్తంటే భయం లేదు, గోళ్ళూ గుచ్చుకోవు, బరువూ ఉండవు. ములుకయ్య వాళ్ళకంటే ముందే హాయిగా వాగు దాటిపోయాయి. అది చూసి ములుకయ్య, "చెప్పానా?" అని గైరమ్మ వైపు గర్వంగా చూశాడు. బుట్టెడు ఇప్పపూలు తీసుకెళ్ళి దొరబాబు ముందు పోశాడు.

ప్రయాణం రోజు వచ్చింది. ములుకయ్య తెల్లవారకముందే లేచి, భార్యకూ ముగ్గురు పిల్లలకూ తుమ్మజిగురు పట్టించాడు. బుల్లికి రెండు పూతలు పూశాడు.

"నాన్నా, బిగుసుకుపోతోంది" అంది బుల్లి.

"వాగు దాటేదాకా ఓర్చుకో అమ్మా" అన్నాడు ములుకయ్య.

వానాకాలం అంతటికీ దాచుకున్న ఎండుదుంపల మూట మధ్యలో పెట్టుకుని, అందరూ దొరబాబు వీపెక్కారు. ములుకయ్య ముందు కూర్చున్నాడు. దారిపొడుగునా తలలు తిప్పి చూస్తున్న జంతువుల్ని చూసి, అతని ఛాతీ ఉబ్బింది. అంతవరకు ప్రయాణం బాగానే సాగింది.

వాగు సగం దాటేసరికి వాన మొదలైంది. మొదట చినుకులు, తర్వాత కుండపోత. తుమ్మజిగురుకు నీళ్ళు తగిలితే ఏమవుతుందో ములుకయ్య ఆలోచించుకోలేదు. అది కరిగి, చారలు చారలుగా దొరబాబు పొట్ట మీంచి వాగులోకి కారిపోయింది.

అప్పుడే నెత్తిమీద ఫెళ్ళున ఉరిమింది.

బుల్లి ముళ్ళు జివ్వున లేచాయి. ఆమెను చూసి అన్నల ముళ్ళు లేచాయి. గైరమ్మవీ లేచాయి. నిజం చెప్పాలంటే అందరికంటే ముందు లేచినవి ములుకయ్యవే.

పాపం దొరబాబు ఏం చేస్తాడు? వీపు మీద ఒక్కసారిగా అన్ని సూదులు దిగితే కొండైనా కదులుతుంది. ఘీంకరించి, ఒళ్ళంతా విదిలించాడు. దుంపల మూట జారి నీళ్ళలో పడి, చూస్తుండగానే కొట్టుకుపోయింది. దాని వెనకాలే బుల్లి పడింది.

మూట పోయిందన్న సంగతే ములుకయ్యకు తెలియలేదు. ఎర్రటి నీళ్ళలో మునిగి తేలుతున్న ఆ చిన్న తల ఒక్కటే కనబడుతోంది.

దొరబాబు తొండం చాచి బుల్లిని ఒడిసిపట్టాడు. నిక్కబొడుచుకున్న ముళ్ళు తొండంలోకి దిగాయి. అయినా వదల్లేదు. అలాగే మూలుగుతూ ఒడ్డుకు చేరి, పిల్లను ఇసుకలో దించి, "దిగండి బాబుగారూ. ఇక ఒక్క అడుగు కూడా మొయ్యలేను" అన్నాడు.

అందరూ దిగారు. గైరమ్మ బుల్లిని పొట్టకు హత్తుకుని ఏడ్చింది. ములుకయ్య దొరబాబు ముందు తలదించుకుని నిలబడి, తొండంలో దిగిన ముళ్ళను ఒక్కొక్కటే పళ్ళతో లాగడం మొదలుపెట్టాడు.

"తప్పయిపోయింది" అన్నాడు.

"ముళ్ళు గుచ్చుకున్నాయని కాదు బాబుగారూ నా బాధ" అన్నాడు దొరబాబు. "నేను ఆ రోజే అడిగాను. లేస్తాయని చెప్పి ఉంటే, వీపు మీద మందంగా రెల్లుగడ్డి పరుచుకుని వచ్చేవాణ్ణి. ఆ మాత్రం చేయలేనా?"

ములుకయ్య తలవంచుకునే చివరి ముల్లు కూడా లాగేశాడు.

మిగిలిన దారంతా వానలో నడిచి, పడుతూ లేస్తూ ఎర్రమిట్ట చేరారు. వాళ్ళు చేరేసరికి పొడిగా ఉన్న గుహలన్నీ నిండిపోయాయి. ఒక మూల, పైకప్పు కారే గుహ మాత్రం మిగిలింది. నూకాలు అప్పటికే పిల్లల్ని ఆరబెట్టి, తిండి పెట్టి కూర్చుంది. వీళ్ళను చూసి, ఏమైందని అడక్కుండానే తన మూటలోంచి దుంపలు తీసి ఇచ్చింది. ఆ వానాకాలమంతా ములుకయ్య కుటుంబం అరకొర తిండితో, నూకాలు పెట్టినదానితో గడిపింది.

ఒక రోజు గుహ వాకిట్లో కూర్చుని వాన చూస్తూ బుల్లి అడిగింది. "నాన్నా, ఆ రోజు మమ్మల్ని ఎందుకు తీసుకెళ్ళలేదు? మేం బాగుండమా?"

ములుకయ్య పిల్లను దగ్గరికి తీసుకుని, "మీరు బాగానే ఉంటారమ్మా. నాకే బుద్ధి బాగాలేదు" అన్నాడు.

వానలు వెనకబట్టాయి. మళ్ళీ పల్లానికి దిగే రోజులు వచ్చాయి. ములుకయ్య ఈసారి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని, కూలికి బుట్టెడు ఉసిరికాయలు పట్టుకుని, బండన్న దగ్గరికి వెళ్ళాడు. ఎవరి ఒంటి మీదా జిగురు లేదు. ముళ్ళు ఎటుపడితే అటు ఉన్నాయి.

"బండన్నా, ముందే చెబుతున్నాను. మేం భయపడితే ముళ్ళు లేస్తాయి. నావి మరీ లేస్తాయి. అందరం ఎక్కుతాం, ఒకసారి వాగులో దింపి చూపించు."

"అలాగే ఎక్కండి" అన్నాడు బండన్న.

వాగు మధ్యకు వెళ్ళాక బండన్న ఆగి, కొండలు మారుమోగేలా ఒక రంకె వేశాడు. బుల్లి ముళ్ళు లేచాయి. అందరివీ లేచాయి. ములుకయ్యవి తోకదాకా లేచాయి. బురద కట్టిన ఆ వీపు మీద అవి దిగాయో లేదో కూడా బండన్నకు తెలియలేదు. నోట్లో ఉన్న గడ్డి నెమరేస్తూ, "ఇంకేమైనా చూసుకోవాలా?" అని అడిగాడు.

బుల్లి తన ముళ్ళు చూసుకుని, నాన్న ముళ్ళు చూసి పకపకా నవ్వింది. ములుకయ్య కూడా నవ్వి, "పోదాం పద" అన్నాడు.

నీతి: దేన్నయినా ఎంచుకునే ముందు దాని గొప్పలు చూసుకుంటే చాలదు, మన లోపాలు కూడా దాని ముందు పెట్టి చూసుకోవాలి.